బెంగెట్ కొండల్లో ఏం తినాలి, ఏం కొనాలి, ఎలా కొనాలి

ఫిలిప్పీన్స్ వెళ్లే మనోళ్లు ఎక్కువగా బీచ్‌లు చూసుకుని వచ్చేస్తారు, లేదంటే అక్కడ మెడిసిన్ చదివే పిల్లల్ని చూడ్డానికి వెళ్లి ఆ ఊళ్లోనే వారం ఉండి తిరిగొచ్చేస్తారు. రెండు మూడు రోజులు చేతిలో ఉంటే మనీలాలో బస్సెక్కి బాగియో వెళ్లండి. ఐదారు గంటల ప్రయాణం. బాగియో సిటీ పరిపాలన వేరే గానీ దాని చుట్టూ ఉన్నదంతా బెంగెట్ ప్రావిన్సే. మొత్తం 13 మున్సిపాలిటీలు, రాజధాని లా త్రినిదాద్. ఫిలిప్పీన్స్ మొత్తం దీన్ని సలాడ్ బౌల్ అంటుంది, ఎందుకంటే మనీలా మార్కెట్లలో కనపడే క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప, బ్రకోలీ లాంటి చల్లటి చోటు కూరగాయలు చాలా వరకు ఈ కొండల మీద నుంచే దిగుతాయి. 2025 జూన్ నుంచి ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న టూరిస్టులకి 14 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తున్నారు కాబట్టి ఇప్పుడు వెళ్లడం ఇంకా ఈజీ, టికెట్ బుక్ చేసే ముందు మాత్రం రూల్ ఒకసారి చెక్ చేస్కోండి.

నేను ఇక్కడ గట్టిగా చెప్పాలనుకునేది ఒకటే. బాగియో వెళ్లినోళ్లు స్ట్రాబెర్రీతో ఒక ఫొటో, ఒక జామ్ సీసా, ఒక పీనట్ బ్రిటిల్ (పల్లీ చిక్కీ లాంటిది) డబ్బా, ఇంతటితో ఊరంతా తిన్నట్టే అనుకుంటారు. కానీ ఆ డబ్బాల్లో ఉన్నవి చాలా వరకు ఆ కొండల మీద పండినవి కావు. ఆ నేలలో పండేవి, ఆ ఊరోళ్లు ఇళ్లల్లో రోజూ తినేవి పక్కనే మార్కెట్లో తక్కువ రేటుకే ఉంటాయి, అవి తినండి, అవే కొనండి. ఎలాగో ఒక్కొక్కటే చెప్తా.

ముందు ఎప్పుడు వెళ్లాలి అనేది. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం, అప్పుడే బెస్ట్. జూన్ నుంచి అక్టోబర్ మధ్య తుఫాన్లు, కొండచరియలు, బాగియోకి ఎక్కే కెన్నన్ రోడ్ లాంటి ఘాట్ రోడ్లు మూసేస్తారు కూడా, అప్పుడు పొలాల నుంచి కూరగాయలు దిగడం కష్టమై రేట్లు పెరుగుతాయి, స్ట్రాబెర్రీ కూడా నీళ్లు పట్టినట్టు చప్పగా ఉంటుంది. జనవరి, ఫిబ్రవరిలో చలి బాగా ఉంటుంది, అటోక్ లాంటి పైఊళ్లలో కొన్ని రాత్రులు మంచు గడ్డ కట్టి ఆకుకూరలు మాడిపోతాయి కూడా, రైతులకి అది పెద్ద నష్టం. టూరిస్టులేమో దాన్ని చూడ్డానికే వెళ్తారు. వెళ్లండి, తప్పు లేదు, కానీ మళ్లల్లో దిగి తొక్కొద్దు. ఫిబ్రవరిలో పనగ్‌బెంగా పూల పండగ ఉంటుంది, ఆ టైమ్‌లో రూములు దొరకవు, దొరికినా రేటు ఎక్కువ, తిండి కోసమే వెళ్లేవాళ్లు పండగ వీకెండ్స్ వదిలేసి మామూలు రోజుల్లో వెళ్తే హాయిగా ఉంటుంది.

రూమ్ విషయంలో ఒక సలహా. బాగియోలో హోటల్ కాకుండా ట్రాన్సియెంట్ అని అద్దెకిచ్చే ఇళ్లు ఉంటాయి, రోజు లెక్కన ఇస్తారు, చాలా వాటిలో స్టవ్, గిన్నెలు ఉంటాయి. అదే తీసుకోండి. ఎందుకంటే ఈ ట్రిప్‌లో సగం ఆనందం పొద్దున్నే మార్కెట్లో తాజా కూరలు తెచ్చి వండుకోవడంలో ఉంది, వెజిటేరియన్స్‌కి అయితే అది ఆనందం మాత్రమే కాదు అవసరం కూడా, ఎందుకో కింద చెప్తా.

స్ట్రాబెర్రీతోనే మొదలెడదాం, ఎలాగూ అందరూ ముందు అక్కడికే పోతారు. లా త్రినిదాద్‌లో బెతాగ్ అనే చోట, బెంగెట్ స్టేట్ యూనివర్సిటీ పక్కన పెద్ద మైదానంలా పరుచుకుని ఉంటాయి తోటలు. ఒకప్పుడు చిత్తడి నేల కాబట్టి లోకల్స్ ఇప్పటికీ దాన్ని స్వాంప్ అనే అంటారు. బాగియో సెంటర్ నుంచి జీప్నీలో, అంటే అక్కడి షేర్ జీపులో వెళ్లొచ్చు, ట్రాఫిక్ లేకపోతే ఎంతో సేపు పట్టదు. సీజన్ నవంబర్ నుంచి మే దాకా అంటారు గానీ బాగా కాసేది డిసెంబర్ నుంచి మార్చి మధ్యలో, మార్చిలో స్ట్రాబెర్రీ పండగ కూడా చేస్తారు. 2004లో ఈ ఊరోళ్లు దాదాపు 9.6 టన్నుల స్ట్రాబెర్రీ షార్ట్‌కేక్ చేసి గిన్నిస్ రికార్డ్ కొట్టారు.

తోటలో మీరే కోసుకోవచ్చు, బుట్ట, కత్తెర ఇస్తారు, కానీ మీరు కోసుకుంటే కిలో రేటు ఎక్కువ, పక్కనే స్టాల్‌లో కోసిపెట్టింది కొంటే తక్కువ. పిల్లలుంటే కోసుకోవడం బాగుంటుంది, ఒక అరకిలో కోసి మిగతాది స్టాల్‌లో కొనండి. రేటు కోసేముందే అడగండి, కోశాక అడిగి ప్రయోజనం లేదు. ఇంకొకటి, స్ట్రాబెర్రీ కోశాక ఇక పండదు, మామిడికాయలా ఇంట్లో పెడితే రేపటికి తియ్యగా అవుతుంది అనుకోవద్దు, కోసినప్పుడు ఎంత తీపి ఉందో అంతే. అందుకని తొడిమ కింద తెల్లగా లేకుండా పైదాకా ఎర్రగా ఉన్నది చూసి కోయండి, తొడిమ మీది ఆకులు పచ్చగా ఉండాలి, వాడిపోయి గోధుమ రంగులో ఉన్నాయంటే పాతది. సైజు చూసి మోసపోకండి, అక్కడ ఎక్కువగా వేసే స్వీట్ చార్లీ లాంటి రకాల్లో చిన్న మీడియం కాయలే చాలాసార్లు ఎక్కువ తియ్యగా ఉంటాయి. వాసన చూడండి, వాసన లేని స్ట్రాబెర్రీకి రుచీ ఉండదు. స్టాల్‌లో ప్యాక్ కొంటే అడుగు భాగం తిప్పి చూడండి, పైన మంచివి పేర్చి కింద నలిగినవి ఉండడం ఎక్కడైనా ఉండేదే. తోటలో నిలబడి కోసినట్టే నోట్లో వేసుకోవాలనిపిస్తుంది, వద్దు, మందులు కొడతారు, నీళ్లతో బాగా కడిగాకే తినండి. కానీ కడిగి దాచొద్దు, తినేముందే కడగాలి, తడి తగిలితే ఒక్క రాత్రిలో బూజు పట్టేస్తుంది.

స్ట్రాబెర్రీతో చేసిన వాటిల్లో నాకు అన్నిటికంటే నచ్చేది తాహో. ఫిలిప్పీన్స్ అంతటా పొద్దున్నే రెండు అల్యూమినియం బకెట్లు కావడిలా మోసుకుంటూ తాహో అని అరుస్తూ వస్తారు. వేడి వేడి మెత్తటి సోయా పాల గడ్డ, పట్టుకుంటే వణుకుతుంది, అచ్చం మన జున్నులాగే గరిటెతో పొరలు పొరలుగా తీస్తారు, దాని మీద బెల్లం లాంటి పాకం, సగ్గుబియ్యం. బాగియోలో ఆ పాకం బదులు స్ట్రాబెర్రీ పాకం పోస్తారు. పొద్దున చలిలో చిన్న కప్పు వేడిగా తాగితే అంత బాగుంటుంది. ప్యూర్ వెజ్ కూడా, పాలు కూడా ఉండవు. వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారాక నీళ్లు వదిలేస్తుంది, అందుకని మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే పట్టుకోండి.

ఇక కూరగాయలు, అసలు సంగతి ఇదే. బాగియోలో మగ్సేసే అవెన్యూ దగ్గర పబ్లిక్ మార్కెట్ ఉంది, అందులో కూరగాయల వైపుని హ్యాంగర్ మార్కెట్ అంటారు. పొద్దున ఆరు, ఏడుకల్లా వెళ్లండి. చేతి సంచి తీసుకెళ్లడం మర్చిపోవద్దు, బాగియోలో ప్లాస్టిక్ కవర్ల మీద 2017 నుంచి నిషేధం ఉంది. హోల్‌సేల్ ఎలా జరుగుతుందో చూడాలంటే లా త్రినిదాద్ ట్రేడింగ్ పోస్ట్‌కి వెళ్లాలి, లారీలు, జీపులు క్యాబేజీలతో పైదాకా నింపుకుని కొండల మీద నుంచి దిగుతుంటాయి, మోసేవాళ్లు బస్తాలు ఎత్తుతూ పరిగెడుతుంటారు. అక్కడ చిన్న మొత్తంలో కొనడానికి వెళ్లొద్దు, దారికి అడ్డం నిలబడొద్దు, ఒక పక్కన నిలబడి చూసి వచ్చేయండి, వాళ్లది పని చేసుకునే టైమ్.

ఈ కూరగాయలు ఇక్కడికి ఎలా వచ్చాయో తెలిస్తే మార్కెట్ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1905లో తెరిచిన బెంగెట్ రోడ్, అంటే ఇప్పటి కెన్నన్ రోడ్, వేయడానికి జపాన్, చైనా నుంచి కూడా కూలీలు వచ్చారు, పని అయిపోయాక కొంతమంది ఇక్కడే ఉండిపోయి లా త్రినిదాద్ లోయలో క్యాబేజీ లాంటి పంటలు వేశారు. తర్వాత ఇబలోయ్, కంకనాయ్ అనే ఇక్కడి కొండ తెగల కుటుంబాలు అవి అందిపుచ్చుకుని కొండలు మెట్లుగా చెక్కి సాగు పైదాకా తీసుకెళ్లారు. బాగియో నుంచి ఉత్తరంగా వెళ్లే హాల్సెమా హైవే మీద అటోక్ దాటేటప్పుడు, అక్కడ రోడ్డు ఎత్తు 2,255 మీటర్లు, మబ్బు మీ కాళ్ల దగ్గర ఉంటుంది, కింద లోయంతా కూరగాయల మళ్లే. ఇంకా పైకి బుగియాస్ వెళ్తే క్యారెట్లకి పేరు.

క్యారెట్ గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. చైనా నుంచి దొంగచాటుగా వచ్చే క్యారెట్లతో బెంగెట్ రైతులు బాగా నష్టపోయారు, 2021, 2022లో ఇది అక్కడి సెనేట్ దాకా వెళ్లింది. బయటి క్యారెట్ అన్నీ ఒకే సైజు, నున్నగా, మెరుస్తూ ఉంటాయి. లోకల్ క్యారెట్ ఒక్కోటి ఒక్కో సైజు, మట్టి మరకలు, ఒక్కోసారి కొంచెం వంకర. అది చూసి లోకల్‌దే తీసుకోండి, అక్కడ అమ్మేవాళ్లని అడిగితే ఏ ఊరిదో కూడా చెప్తారు. కోసిన రోజో మర్నాడో తినే క్యారెట్‌లో ఉండే తీపి, ఆ కరకర, కోల్డ్ స్టోరేజ్ సరుకులో ఉండదు, పచ్చిగానే తినేయొచ్చు.

బాగియో బీన్స్ అని మనీలాలో కూడా ఈ ఊరి పేరుతోనే అమ్ముతారు, మన బీన్సే, ఇక్కడ మాత్రం విరిస్తే టక్కున విరుగుతాయి. వంబోక్ అంటే పొడుగ్గా ఉండే చైనీస్ క్యాబేజీ. సిచారో అంటే తొక్కతో పాటు తినే లేత బఠాణీ కాయలు, నూనెలో రెండు నిమిషాలు తిప్పి ఉప్పు వేస్తే చాలు. లీక్స్, సెలరీ, లెట్యూస్ రకాలు, బీట్‌రూట్, బ్రకోలీ అన్నీ ఉంటాయి. బంగాళాదుంపల్లో గ్రనోలా అనే రకం ఎక్కువ, లోపల లేత పసుపు, వేపుడుకి బాగుంటుంది.

కానీ ఒక్క కూరగాయే ఎంచుకోమంటే నేను సయోతే అంటా. మన బెంగుళూరు వంకాయే, కొంతమంది సీమ వంకాయ అంటారు. బెంగెట్‌లో కొండ వాలు మొత్తం తీగ పందిళ్లు వేసి పెంచుతారు, చౌక, ఏడాదంతా దొరుకుతుంది, ప్రతి ఇంటి చారులో ఉంటుంది. కాయ కంటే ముఖ్యం దాని చిగుళ్లు. లేత తీగ కొసలు కట్టలు కట్టి అమ్ముతారు, సయోతే టాప్స్ అని అడిగితే ఇస్తారు. నులితీగలు, ముదురు కాడలు తీసేసి, రెండు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి నూనెలో వేసి, టమాటా ముక్కలు మగ్గాక చిగుళ్లు వేసి మూడు నాలుగు నిమిషాలు. అంతే. ఎక్కువసేపు ఉడికిస్తే రంగు పోయి పీచు తేలుతుంది. ట్రాన్సియెంట్‌లో కందిపప్పు ఉంటే పప్పులో వేసుకోండి, తోటకూర పప్పుకి ఏమాత్రం తగ్గదు. ఆమ్తి అనే ఆకు కూడా దొరుకుతుంది, అది మన కామంచి ఆకే, కొంచెం చేదు, తుంగ్‌సోయ్ అంటే వాగుల పక్కన పెరిగే కొంచెం ఘాటైన ఆకుకూర, అది తప్పకుండా వండుకునే తినండి, వాగు నీళ్లలో పెరిగింది పచ్చిగా వద్దు. చిలగడదుంప, చామదుంప కూడా ఈ కొండల పాత తిండి, క్యాబేజీ రాకముందు నుంచీ ఉన్నవి, ఉడకబెట్టి కాఫీతో పాటు తింటారు.

పండ్లలో అవకాడో సీజన్‌లో బాగుంటుంది, పాషన్ ఫ్రూట్ కూడా దొరుకుతుంది, అక్కడోళ్లు మసప్లోరా అంటారు, పైతొక్క కొంచెం ముడతపడ్డది కొంటే లోపల తీపి ఎక్కువ. మామిడి, అరటి, పనస కింద మైదానాల నుంచి వచ్చేవే, వాటి కోసం కొండెక్కాల్సిన పని లేదు.

బేరం గురించి. రైతుల దగ్గర, గంపలు పెట్టుకుని కూర్చున్న పెద్దావిడల దగ్గర గట్టిగా బేరం ఆడకండి ప్లీజ్. క్యాబేజీ, వంబోక్ ఒక్కోసారి పంట ఎక్కువైపోయి కొనేవాళ్లు లేక పడేసే పరిస్థితి వస్తుంది వాళ్లకి, కోత కూలీ కూడా రాదు. ఎక్కువ కొంటే వాళ్లే ఒక గుప్పెడు కలిపి వేస్తారు. మార్కెట్లో ఇలొకానో భాష నడుస్తుంది, మానో అంటే ఎంత, నైమస్ అంటే చాలా బాగుంది, అగ్యామనాక్ అంటే థాంక్స్. ఇంగ్లీష్ దాదాపు అందరికీ వచ్చు, కానీ ఆ మూడు మాటలు అంటే మొహం వెలిగిపోతుంది. పెసోల్లో చిల్లర పెట్టుకోండి, పొద్దున్నే వెయ్యి పెసోల నోటు తీస్తే చిల్లర ఉండదు.

కాఫీ. బెంగెట్ అరబికా కాఫీ చాలా మంచిది, ఫిలిప్పీన్స్ బయట ఎక్కువ మందికి తెలీదు. టుబ్లే, కపాంగన్, అటోక్, ఇతోగోన్, కబాయాన్ వైపు పైన్ చెట్ల నీడల్లో, ఇళ్ల పెరళ్లలో పెరుగుతుంది, పెద్ద ఎస్టేట్లు కాకుండా చిన్న రైతులవే ఎక్కువ. చలికాలం నెలల్లో కోత. బాగియో మార్కెట్లో కాఫీ షాపులుంటాయి, మీ ముందే పొడి కొట్టిస్తారు, ఆ వరసలో నడుస్తుంటేనే వాసన ఆపేస్తుంది. ఇక్కడ జాగ్రత్త ఏంటంటే అదే షాపులో బరాకో కూడా ఉంటుంది, అది కింద బతంగాస్ వైపు ఫేమస్ అయిన లిబెరికా రకం, బాగా స్ట్రాంగ్, మంచిదే కానీ అది ఈ కొండల కాఫీ కాదు. బెంగెట్ అరబికా అని అడగండి, ఏ మున్సిపాలిటీది, ఎప్పుడు వేయించారు అని కూడా అడగండి, చెప్పగలిగిన షాపులోనే కొనండి. గింజలే కొనండి, పొడి అయితే వారంలో వాసన పోతుంది. ఫిల్టర్ కాఫీకి అలవాటుపడ్డోళ్లు చికోరీ లేదని మొదట చప్పగా అనుకుంటారు, పాలు లేకుండా రెండు రోజులు తాగండి, అప్పుడు ఆ పులుపు తీపి తెలుస్తుంది. ఊళ్లల్లో అయితే కెటిల్‌లో మరగబెట్టి చక్కెర వేసి గ్లాసుల్లో ఇస్తారు, ఇంటికి వెళ్తే ముందు కాఫీయే పెడతారు, వద్దనకండి. పునుగుపిల్లి కాఫీ, అంటే ఆ పిల్లి తిని విసర్జించిన గింజలతో చేసేది కూడా అమ్ముతారు, ఆ పిల్లుల్ని బోనుల్లో పెట్టి తినిపించే చోట్లు ఉంటాయి కాబట్టి నేనైతే కొనొద్దనే చెప్తా.

ఇక మాంసాహారం తినేవాళ్లకి. ఇక్కడి పేరున్న వంటకం పినిక్‌పికాన్, కోడి చారు. అల్లం, సయోతే, కినీయింగ్ అనే పొగబెట్టిన పంది మాంసం వేసి చేస్తారు, చలిలో ఆ చారు బలే ఉంటుంది. కానీ ఒక విషయం ముందే తెలుసుకోండి, సంప్రదాయ పద్ధతిలో కోడిని చంపే ముందు సన్నటి కర్రతో రెక్కల మీద, మెడ మీద కొడతారు, రక్తం చర్మం కింద గడ్డకట్టడానికి, తర్వాత ఈకలు మంటమీద కాల్చేస్తారు, ఆ కాల్చిన వాసనే చారుకి రుచి. కన్యావ్ అనే ఆచార విందుల్లో పుట్టిన పద్ధతి ఇది, వాళ్ల పూర్వీకుల పూజలతో ముడిపడి ఉంది. జంతువుల పట్ల క్రూరత్వం అని అక్కడే చాలా మంది వ్యతిరేకిస్తారు కూడా. తినాలా వద్దా మీ ఇష్టం, తెలిసి నిర్ణయించుకోండి. వద్దనుకుంటే కినీయింగ్ ఒక్కటే రుచి చూడండి. పంది మాంసం పొయ్యి పైన వేలాడదీసి పొగలో ఆరబెట్టింది, బెంగెట్ ప్రత్యేకత, కూరగాయల వేపుడులో, అన్నం వేపుడులో నాలుగు ముక్కలు వేస్తే చాలు, మొత్తం గిన్నెకి పొగ వాసన పడుతుంది. ఎతాగ్ అంటే ఉప్పు పట్టించి ఎండబెట్టి నిల్వ చేసింది, పైన పక్క ప్రావిన్స్‌లో ఉన్న సగాడా వైపు ఎక్కువ, వాసన చాలా ఘాటు, మొదటిసారి చారులోనే తినండి, విడిగా వేయించినది వద్దు. పినునెగ్ అంటే పంది పేగుల్లో రక్తం నింపి చేసేది, అలవాటు లేనివాళ్లు అడిగి తెలుసుకుని తినండి. బులాలో అనే ఎముక సూప్ ప్రతి చోటా కనపడుతుంది, క్యాబేజీ, మొక్కజొన్న వేసి చేస్తారు, అది గొడ్డు మాంసం. బాకా అంటే గొడ్డు మాంసం, బాబోయ్ అంటే పంది, మనోక్ కోడి, ఇస్దా చేప, కబాయో గుర్రం. ఈ ఐదు పేర్లు ఫోన్లో రాసి పెట్టుకుంటే చాలు, బోర్డు చూసి ఆర్డర్ చేయొచ్చు.

వెజిటేరియన్స్ మాత్రం జాగ్రత్తగా చదవండి. ఇంత కూరగాయలు పండే ఊళ్లో హోటల్లో శాకాహారం దొరకడం కష్టం అంటే నమ్మబుద్ధి కాదు, కానీ నిజం. కరిందేరియా అని చిన్న భోజనం హోటళ్లు ఉంటాయి, గాజు అద్దం వెనక వండినవి పెట్టి ఉంటాయి, వేలు చూపించి తీసుకోవచ్చు. చూడ్డానికి బీన్స్ కూరే, సయోతే కూరే, కానీ అడుగున పంది ఖీమా ఉంటుంది, లేదంటే బగోవాంగ్ అనే రొయ్యల, చేపల పులియబెట్టిన ముద్ద, లేదంటే పాతిస్ అనే చేప సాస్, ఇవేవీ లేకపోయినా చికెన్ లేదా పోర్క్ పొడి క్యూబ్ వేస్తారు. చాప్‌సూయ్ ఫొటోలో అన్నీ కూరగాయలే కనపడతాయి, అందులో కోడి లివర్ ముక్కలు, పిట్ట గుడ్లు వేయడం మామూలు. వెజిటేరియన్ అని చెప్తే మాంసం ముక్కలు పక్కకి తీసిపెట్టి ఇచ్చేవాళ్లు ఉంటారు, వాళ్ల ఉద్దేశం మంచిదే, ఆ మాటకి వాళ్ల అర్థం అంతే. అందుకని విడివిడిగా చెప్పండి: వాలాంగ్ కర్నే, మాంసం వద్దు, వాలాంగ్ ఇస్దా, చేప వద్దు, వాలాంగ్ బగోవాంగ్, వాలాంగ్ పాతిస్, వాలాంగ్ క్యూబ్. రద్దీ లేని టైమ్‌లో, పదకొండుకి ముందు వెళ్లి అడిగితే చాలా చోట్ల ఉప్పు, వెల్లుల్లితో ఫ్రెష్‌గా వండిస్తారు, మధ్యాహ్నం రద్దీలో అడిగితే ఎవరికీ వినే తీరిక ఉండదు. కారం తక్కువ తింటారు, సీలింగ్ లబూయో అని చిన్న మిరపకాయలు మార్కెట్లో దొరుకుతాయి, నాలుగు కొని జేబులో పెట్టుకోండి, కలమాన్సీ నిమ్మకాయ పిండుకుని దీంతో తింటే ఏ చప్పటి కూరైనా దారికొస్తుంది. రోడ్డు పక్కన అరటిపండు బెల్లం పాకంలో వేయించిన బనానా క్యూ, అలాగే చిలగడదుంపతో చేసిన కమోతే క్యూ, అరటిపండు చుట్టి వేయించిన తురోన్ ఇవన్నీ సాయంత్రాలు దొరుకుతాయి, అదే నూనెలో ఇంకేమైనా వేయించారేమో ఒకసారి అడగండి. సలబాత్ అంటే అల్లం కషాయం, రాత్రి చలికి బాగుంటుంది.

బియ్యం కూడా చూడండి. కింతోమాన్ అని ఎర్రటి బియ్యం ఉంటుంది, కొంచెం జిగురు, పాయసానికి చాలా బాగుంటుంది, మన రోజువారీ అన్నంలా పొడిపొడిగా రాదు, నీళ్లు, నానబెట్టడం సరిచూసుకోవాలి. ఇదే కొండల బియ్యంతో చేసే తాపుయ్ అనే కల్లు లాంటి తియ్యటి పానీయం ఉంటుంది, తాగేవాళ్లు మెల్లగా తాగండి, తీపిగా ఉందని గ్లాసు మీద గ్లాసు పడుతుంది.

స్వీట్లు, ప్యాకెట్లు. బాగియోలో మైన్స్ వ్యూ అనే టూరిస్ట్ వ్యూపాయింట్ దగ్గర గుడ్ షెపర్డ్ కాన్వెంట్ ఊబే జామ్ కోసం క్యూలు ఉంటాయి, సిస్టర్లు నడిపేది, అక్కడ పనిచేసే కొండ ప్రాంతాల పిల్లలకి ఆ డబ్బుతో చదువు చెప్పిస్తారు, కాబట్టి కొనండి, రుచి కూడా నిజంగా బాగుంటుంది. ఊబే అంటే ఊదా రంగు పెండలం, అది ఎక్కువగా కింద ప్రాంతాల నుంచే రావాలి, 2019లో ఊదా రంగుది దొరక్క వాళ్లు తెల్ల రంగు ఊబే జామ్ చేసి అమ్మారు, రంగు కలపకుండా. నాకు ఆ పని చాలా నచ్చింది. పీనట్ బ్రిటిల్ కూడా అంతే, ఇక్కడ చేస్తారు గానీ పల్లీలు ఇక్కడివి కావు. కొనొద్దు అనట్లేదు, సంచిలో సగం చోటు కాఫీకి, బియ్యానికి, స్ట్రాబెర్రీ జామ్‌కి వదలండి. బెంగెట్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కూడా సొంతంగా జామ్ లాంటివి చేసి అమ్ముతారు, లా త్రినిదాద్ వెళ్లినప్పుడు అక్కడ ఆగండి. ఏ జామ్ కొన్నా లేబుల్ మీద మొదటి పేరు స్ట్రాబెర్రీ ఉందో చక్కెర ఉందో చూడండి, క్యాండీల్లో చాలా వాటిలో ఫ్లేవర్ మాత్రమే ఉంటుంది.

తిరుగు ప్రయాణం. జామ్ హ్యాండ్ బ్యాగేజ్‌లో పెడితే ఎయిర్‌పోర్టులో తీసేస్తారు, చెక్‌ఇన్‌లో పెట్టండి, సీసా మూత చుట్టూ టేపు వేసి రెండు కవర్లలో. పచ్చి కూరగాయలు, పండ్లు, మొక్కలు ఇండియాకి తేవద్దు, సరైన సర్టిఫికెట్ లేకుండా ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు రానివ్వరు, వేయించిన కాఫీ గింజలు సీల్ ప్యాక్‌లో తెచ్చుకోండి. మనీలాలో పిల్లల కోసం స్ట్రాబెర్రీ తీసుకెళ్లాలంటే వెళ్లే రోజు పొద్దున్నే కొనండి, లోతు డబ్బా కాకుండా వెడల్పు డబ్బాలో పేపర్ వేసి ఒకటే వరస పేర్చండి, కడగకండి, మూత గట్టిగా బిగించకండి, బస్సులో కింద లగేజీలో కాకుండా ఒళ్లో పెట్టుకోండి, కొండ దిగుతుంటే వేడి పెరుగుతుంది కాబట్టి ఏసీ వైపు ఉంచి, మనీలా చేరిన సాయంత్రమే తినేయండి.